ఇంగ్లీషువారెవరు? మనమెవరము?

మిషను పాఠశాలలో చదువుకొను బాలబాలికలకు రెండు మాటలు తరచుగా వినబడుచుండును. రైలుబండిలో తోటి ప్రయాణికుడొకడు, "మీది ఇంగ్లీషువాళ్ల మతము, ఇంగ్లీషువాళ్ల బడి. మీరు సగము ఇంగ్లీషువాళ్లే గదా!" అనును. ఇంటియొద్ద చుట్టమొకరు, "ఇంగ్లీషు వచ్చినచో చాలును, తెలుగుతో పనియేమి నాయనా?" అందురు. మొదటి మాటలో ఎగతాళి యున్నది. రెండవ మాటలో ప్రేమ యున్నది. ఐనను రెంటికిని మూలమైన పొరపాటు ఒక్కటే. ఇంగ్లీషువారనగా ఎవరో, వారసత్వమనగా ఏమో, జాతీయత యనగా ఏమో విచారింపకయే ఆ మాటలు పలుకబడుచున్నవి. కావున ఈ సంగతిని ఒక పాఠముగా వ్రాయ సంకల్పించితిమి. తలిదండ్రులును దీనిని చదివి పిల్లలతో ముచ్చటింపవలెనని కోరుచున్నాము.

1. పేర్లలోని భేదము

మన ప్రాంతమున తెల్లని మేనుగల వారినందరిని పెద్దలు "దొరలు" అనియు "ఇంగ్లీషువారు" అనియు పిలుచుచు వచ్చిరి. ఇది సరికాదు. ఇంగ్లండు ఒక దేశము. దానికి పడమట వేల్సును, ఉత్తరమున స్కాట్లండును కలవు. ఈ మూడును కలిసిన ద్వీపమునకు గ్రేట్ బ్రిటను అని పేరు. 1536, 1543 సంవత్సరముల శాసనములచేత వేల్సు ఇంగ్లండుతో చేర్చబడెను. 1707లో స్కాట్లండు, ఇంగ్లండు ఒకే రాజ్యమాయెను. 1801లో ఐర్లండు చేరెను. 1922లో ఐర్లండులోని పెద్దభాగము విడిపోయి వేరు రాజ్యమాయెను. ఉత్తర ఐర్లండు మాత్రము నిలిచెను. ఇట్లు నాలుగు భాగములు గల ఆ రాజ్యమునకు యునైటెడ్ కింగ్‌డమ్ అని నేటి పేరు.

ఆటలు చూచు విద్యార్థులకు ఈ భేదము సులభముగా తెలియును. ఒలింపిక్ క్రీడలలో వారందరును ఒకే జట్టుగా వత్తురు. ఫుట్‌బాల్ ప్రపంచ పోటీలలోనో, ఇంగ్లండు వేరు, స్కాట్లండు వేరు, వేల్సు వేరు. ఇంగ్లండు జెండా తెల్లని బట్టమీద ఎఱ్ఱని సిలువ. మనము చిత్రములలో చూచు నీలము, ఎఱుపు, తెలుపు కలిసిన జెండా ఇంగ్లండుదొక్కదానిదే కాదు, రాజ్యమంతటిదియును. మరియొక విశేషము. 1999 నుండి స్కాట్లండునకును వేల్సునకును తమ తమ శాసనసభలు పనిచేయుచున్నవి. ఇంగ్లండునకు మాత్రము ప్రత్యేకముగా అట్టి సభ లేదు.

2. ఇంగ్లీషువారు ఒకే జాతివారా?

ఇంగ్లీషువారు ఆదినుండియు కలగలుపు లేని ఒకే వంశమువారని కొందరు తలంతురు. చరిత్ర అట్లు చెప్పదు. క్రీ.శ. 43లో రోమనులు ఆ ద్వీపమును జయింప వచ్చి ఇంచుమించు నాలుగు వందల యేండ్లు ఏలిరి. వారు వెడలిన తరువాత సముద్రము దాటి జర్మనీ, డెన్మార్కు తీరములనుండి ఆంగ్లులు, శాక్సనులు, జూటులు అను తెగలవారు వచ్చిరి. ఆంగ్లుల పేరనే ఇంగ్లండు అను పేరు కలిగెను. పిమ్మట డేనులు వచ్చిరి. 1066లో నార్మండీ ప్రభువగు విలియము ఫ్రాన్సునుండి సేనతో వచ్చి హేస్టింగ్సు యుద్ధములో గెలిచి రాజాయెను. అటుపిమ్మట బహుకాలము రాజసభలో ఫ్రెంచి పలుకబడెను. గుడిలోను, పండితుల వ్రాతలలోను లాటిను నడిచెను. ఇంగ్లీషు పొలములోను ఇంటిలోను పలుకు సామాన్యుల భాషగా మిగిలెను.

ఇంగ్లండునకు రక్షక సాధువుగా ఎంచబడు జార్జి సయితము ఇంగ్లీషువాడు కాడు. ఆయన ఇంగ్లండున అడుగు పెట్టినవాడును కాడు. నేటి టర్కీ దేశములోని కప్పదొకియ ప్రాంతమునకు చెందిన కుటుంబములో పుట్టి, రోమను సైన్యములో కొలువుచేసి, విశ్వాసము నిమిత్తము పాలస్తీనాలో హతుడాయెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఏప్రిల్ 23వ తేదీ ఆయన పండుగ. ఇంగ్లీషువారి యింట అతిథికి మొదట నిచ్చు తేనీరు చైనానుండియు, తరువాత మన అస్సామునుండియు వెళ్లినది. అన్యమైనదానిని గ్రహించి తమదిగా చేసికొనుట వారికి చిన్నతనము కాలేదని దీనివలన గ్రహింపవలెను.

3. భాషయొక్క సాక్ష్యము

ఇంగ్లీషు నిఘంటువును తెరచినచో ఈ కలగలుపు మరింత స్పష్టమగును. ఇల్లు, నీరు, రొట్టె మొదలగు నిత్యవస్తువులకు వారు వాడు పదములు శాక్సను పదములు. న్యాయస్థానము, ప్రభుత్వము మొదలగు వానికి చెందిన పదములలో అనేకములు ఫ్రెంచినుండి వచ్చినవి. "స్కూలు" అను పదము గ్రీకునుండి వచ్చినది. మన తెలుగునుండియు వారు ఒక పదమును తీసికొనిరి. మన ఇండ్లలోను గాదెలలోను తిరుగు పందికొక్కునకు వారు పెట్టిన "బ్యాండికూట్" అను పేరు మన తెలుగు పదమే. అది ఆస్ట్రేలియా దాక పోయి, అక్కడ వేరొక జంతువునకు పేరాయెను.

మనమును ఇచ్చుటయే గాక తీసికొంటిమి. బొత్తాము, పాదిరి, అల్మరా అనునవి పోర్చుగీసువారినుండి వచ్చిన మాటలు. జిల్లా, తాలూకా, దరఖాస్తు, వకీలు అనునవి ఉర్దూ ద్వారా వచ్చినవి. రైలు, టిక్కెట్టు, స్టేషను ఇంగ్లీషునుండి వచ్చినవి. మనము పచ్చడిలో నూరు మిరపకాయ సయితము అమెరికా ఖండమునుండి ఓడలమీద వచ్చినదే. ఐనను మిరపకాయ లేని తెలుగువాని భోజనమును నేడెవరు ఊహింపగలరు?

మన భాషకు సేవచేసిన పరదేశీయులలోను అందరు ఇంగ్లీషువారు కారు. చార్లెసు ఫిలిప్ బ్రౌను కలకత్తాలో జన్మించిన ఇంగ్లీషువాడు. ఆయన వేమన పద్యములను 1829లో ఇంగ్లీషు అనువాదముతో అచ్చువేయించెను. 1852లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. శిథిలమగుచున్న తాటాకు గ్రంథములను వ్రాయసగాండ్రను పెట్టి ఎత్తి వ్రాయించెను. ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును 1856లో ప్రకటించిన కాల్డ్‌వెల్ ఐర్లండులో జన్మించిన స్కాట్లండు కుటుంబమువాడు. పదునెనిమిదవ శతాబ్దిలో బైబిలును తెలుగుచేయ పూనిన బెంజమిన్ షూల్జు జర్మనుడు. అందరిని ఒకే పేరున పిలిచినచో వారి శ్రమకును సత్యమునకును అన్యాయము చేసినవారమగుదుము.

4. వికారాబాదు మిషను ఇంగ్లీషు మిషనా?

ఇప్పుడు మన యింటి సంగతికి వత్తము. మెథడిస్టు సంఘమునకు మూలపురుషుడగు జాన్ వెస్లీ 1703లో ఇంగ్లండునందలి ఎప్‌వర్తు గ్రామమున జన్మించెను. ఆక్స్‌ఫర్డులో ఆయనయు స్నేహితులును క్రమమైన పద్ధతితో ప్రార్థన, చదువు, చెరసాలలో నున్నవారి పరామర్శ చేయుచుండగా, తోటివారు వేళాకోళముగా "పద్ధతివారు" అను అర్థమునిచ్చు పేరు పెట్టిరి. ఆ ఎగతాళి పేరే సంఘమునకు స్థిరమైన పేరాయెను. వెస్లీ 1791లో మరణించువరకు ఇంగ్లండు సంఘపు గురువుగానే యుండెను.

1776లో అమెరికాలోని వలసరాజ్యములు ఇంగ్లండు రాజునకు లోబడమని స్వాతంత్ర్యము ప్రకటించుకొన్నవి. తరువాత 1784లో అక్కడి మెథడిస్టులు తమకు ప్రత్యేక సంఘమును ఏర్పరచుకొనిరి. ఆ అమెరికా సంఘమువారు 1856లో విలియం బట్లరును హిందూదేశమునకు పంపిరి. ఈయనయు ఐర్లండులో పుట్టి అమెరికాకు వెళ్లినవాడు. వికారాబాదు, తాండూరు ప్రాంతములలో బడులు, ఆసుపత్రి, దేవాలయములు స్థాపించిన మిషను ఈ అమెరికా శాఖకు చెందినదే. మెదకులో పనిచేసిన వెస్లియను మిషను ఇంగ్లండునుండి వచ్చినది. పాస్నెట్ దొరగారి పూనికతో కట్టబడిన మెదకు మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. ఆ శాఖ 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో చేరెను. మన శాఖ 1981లో భారతదేశ మెథడిస్టు సంఘముగా స్వపరిపాలన పొందెను.

కావున రైలులో అడిగినవానికి మనము ఇట్లు మర్యాదగా చెప్పవచ్చును: "అయ్యా, ఈ మిషనును తెచ్చినవారు ఇంగ్లండు రాజును కాదనుకొన్న దేశమువారు. నేడు ఈ సంఘమును నడుపుచున్నవారు ఈ దేశమువారే." ఇంకొక మాటయు చెప్పవచ్చును. క్రైస్తవ మతము పుట్టినది ఇంగ్లండులో కాదు, ఆసియాఖండములోనే. ఇంగ్లండునకు అది పరదేశమునుండి వచ్చిన వర్తమానమే. కేరళలోని తోమా క్రైస్తవులు, ఇంగ్లీషు వర్తకుల ఓడలు ఈ తీరమునకు రాకమునుపు అనేక శతాబ్దులనుండియే ఈ దేశమున నివసించుచుండిరి.

5. రైలుమార్గము చెప్పు కథ

మన ఊళ్లు ఇంగ్లీషువారి ప్రత్యక్ష పాలనలో ఎన్నడును లేవు. అవి నిజాము రాజ్యములోనివి. వికారాబాదు అను పేరు పాయిగా వంశీయుడగు నవాబు వికారుల్ ఉమరా పేరుమీద వచ్చినది. ఆయన 1893 నుండి 1901 వరకు నిజామునకు ప్రధానమంత్రిగా నుండెను. హైదరాబాదులోని ఫలక్‌నుమా భవనమును కట్టించినవాడును ఆయనయే. ఐనను ఇంగ్లీషువారి పలుకుబడి యిచట లేకపోలేదు. 1798లో నిజాము వారితో సైన్యసహకారపు ఒడంబడిక చేసికొనెను. వారి ప్రతినిధి కోఠీలోని రెసిడెన్సీ భవనమున నుండెను.

1874లో వాడీనుండి సికింద్రాబాదునకు నిజాము సొమ్ముతో రైలుమార్గము వేయబడెను. అది తాండూరు, వికారాబాదుల మీదుగా పోవుచున్నది. వాడీ వద్ద అది బొంబాయి మద్రాసు మార్గముతో కలియుట వలన, ఇంగ్లీషు సైన్యమున్న సికింద్రాబాదునకు దారి సుగమమాయెను. ఈ మార్గమువలన సైన్యము కదలెను. దానివలననే తాండూరు రాయియు కందులును దూరదేశములకు చేరెను. ఉపదేశకులును ఉపాధ్యాయులును వచ్చిరి. ఒక్కటే పట్టా, దానిమీద నడిచిన ప్రయోజనములు వేరు వేరు. విదేశీయుల నుండి వచ్చిన ప్రతిదానిని ఇట్లే పరిశీలింపవలెను. ఎవరు తెచ్చిరి, ఎందుకు తెచ్చిరి, దానితో మనమేమి చేసికొంటిమి అను మూడు ప్రశ్నలు వేరువేరుగా అడుగవలెను.

6. వారసత్వములో మంచియు చెడుగును

ఇంగ్లీషువారు తమ పాత కట్టడములను శ్రద్ధతో కాపాడుకొందురు. ఇందులకై నేషనల్ ట్రస్టు 1895లో స్థాపింపబడెను. ఇంగ్లీష్ హెరిటేజ్ అను సంస్థ స్టోన్‌హెంజి మొదలుకొని నాలుగు వందలకు పైగా స్థలములను సంరక్షించుచున్నది. లండనులో ప్రసిద్ధులు నివసించిన యిండ్లకు ఫలకములు పెట్టు ఆచారము 1866లో ఆరంభమాయెను. న్యాయశాస్త్రము చదువుచుండగా గాంధీగారు నివసించిన యింటికిని నీలి ఫలకము కలదు. తమ ప్రభుత్వమును ఎదిరించిన వానిని సయితము తమ నగరపు జ్ఞాపకములలో చేర్చుకొనిరి.

ఐతే వారసత్వమనగా గొప్పలు మాత్రమే కావు. 1215లో జాన్ రాజుచేత ఒప్పించిన మాగ్నా కార్టా వారి వారసత్వమే. కాప్పిరి జనులను ఓడలలో కుక్కి అమ్మిన బానిస వ్యాపారమును వారి వారసత్వమే. ఆ వ్యాపారమును ఖండించుచు వెస్లీ 1774లో గ్రంథము వ్రాసెను. 1807లో పార్లమెంటు దానిని నిషేధించెను. 1919 ఏప్రిల్ 13న అమృతసరములోని జలియన్‌వాలా బాగులో నిరాయుధులమీద తుపాకులు కాల్పించినదియు ఆ ప్రభుత్వమే. 2020 జూన్ నెలలో బ్రిస్టలు నగరపు జనులు, బానిసల వర్తకుడగు కోల్‌స్టన్ విగ్రహమును పడద్రోసి ఓడరేవు నీటిలో పడవేసిరి. తరువాత ఆ విగ్రహము మ్యూజియములో ఉంచబడినది. తాతలు చేసిన దానిలో దేనిని గౌరవింపవలెను, దేనికి సిగ్గుపడవలెను అని ఆ దేశమువారు నేటికిని వాదించుకొనుచున్నారు. ఈ వాదము బలహీనతకు గురుతు కాదు. మన దేశమునందును అంటరానితనము మన వారసత్వములోనిదే. దానిని దాచినచో మనము సత్యవంతులము కాము. రాజ్యాంగపు 17వ అనుచ్ఛేదము దానిని రద్దుచేసినది. అదియు మన వారసత్వమే. మనము గర్వింపదగినది ఇదియే.

7. "నేనెవరను?" అను ప్రశ్న

ఇంగ్లండు, వేల్సులలో జనాభా లెక్కలు తీయునపుడు "నీ జాతీయత ఏది?" అని అడుగుదురు. 2011లో నూటికి 57.7 మంది "ఇంగ్లీషు" అని మాత్రమే చెప్పిరి. "బ్రిటిషు" అని మాత్రమే చెప్పినవారు 19.1 మంది. 2021లో "ఇంగ్లీషు" అని మాత్రమే చెప్పినవారు 14.9 మందికి దిగిరి. "బ్రిటిషు" అని మాత్రమే చెప్పినవారు 54.8 మందికి ఎక్కిరి. పదియేండ్లలో మనుష్యులు ఇంతగా మారిరా? లేదు. ఇంగ్లండులో ఇచ్చిన పత్రమునందు ఈ సారి "బ్రిటిషు" అను మాట మొదటి వరుసకు వచ్చినది. ఈ మార్పునకు అది ఒక ముఖ్యకారణమని లెక్కలవారే చెప్పిరి.

దీనివలన తేలునదేమి? అనేకులకు రెండు పేర్లును తమవే. ఏది ముందుగా కనబడినచో దానిని గుర్తుపెట్టుదురు. మనుష్యునికి ఒకే పేరు ఉండవలెనను నియమము లేదు. తాండూరు బాలిక యొకతె ఇంటిలో తెలుగు, అంగడిలో ఉర్దూ, సరిహద్దు చుట్టముల యింట కన్నడము, బడిలో ఇంగ్లీషు పలుకును. ఆమె తెలుగుది, తెలంగాణది, భారతీయురాలు. క్రైస్తవురాలైనచో అదియు కలదు. వీనిలో ఒకటి మరియొకదానిని తరిమివేయదు.

8. మన వారసత్వము

1956కు పూర్వము తాండూరు, కొడంగలు తాలూకాలు గుల్బర్గా జిల్లాలో నుండెను. 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము భారతదేశములో చేరెను. 2016లో వికారాబాదు జిల్లా ఏర్పడెను. ఎల్లలు మారినవి, రాజ్యములు మారినవి. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ మాత్రము తూర్పునకు పారుచునే యున్నది. తాండూరు ప్రక్కగా పోవు కాగ్నా పడమటికి పోయి భీమానదిలో కలియుచున్నది. రెండు వేరు దారుల నీళ్లును తుదకు కృష్ణనే చేరును. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. కంది మన దేశమున పుట్టిన పైరు.

తెలుగునకు ఈ నేలమీద సులభముగా గౌరవము లభింపలేదు. నిజాము రాజ్యమున ఉద్యోగమునకును ఉన్నత విద్యకును ఉర్దూయే ఆధారము. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములోను బోధన ఉర్దూలోనే సాగెను. 1921లో హైదరాబాదు సభ యొకదానిలో తెలుగున మాటలాడిన వక్తను కొందరు అల్లరిచేసి ఆపిరి. ఆ అవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. తెలంగాణములో కవులే లేరను మాటకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. మూడు వందలకు పైగా కవులు అందులో కనబడిరి. అంతటి శ్రమచే నిలిచిన భాషను, "దానితో పనియేమి" అని మనమే విడుచుట న్యాయమా?

క్రైస్తవులును ఈ భాషకు పరులు కారు. పంతొమ్మిదవ శతాబ్దిలో పురుషోత్తమ చౌదరిగారు రచించిన కీర్తనలు నేటికిని మన దేవాలయములలో పాడబడుచున్నవి. గుఱ్ఱం జాషువాగారి క్రీస్తుచరిత్రమునకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఆ కవిగారు ఇంగ్లీషు కవుల యెదుట గాని, తన్ను తక్కువ చూచిన స్వదేశీయుల యెదుట గాని తల వంచలేదు.

తలిదండ్రులకు ఒక మనవి. ఇంగ్లీషు నేర్పింపుడు. ఉద్యోగమునకును శాస్త్రవిద్యకును అది అవసరమైన పనిముట్టు. కాని తాత చెప్పు కథను, అవ్వ పాడు పాటను అర్థముచేసికొనలేని బిడ్డ తన యింటిలోనే అతిథియగును. విద్యార్థులకు ఒక మనవి. ఎవరైనను "మీరు సగము ఇంగ్లీషువారు" అనినచో కోపపడకుడు. ఇంగ్లీషువారే పలు జాతుల కలయిక యని చెప్పుడు. మన రాజ్యాంగపు 51-ఏ అనుచ్ఛేదము, మన సమ్మిశ్ర సంస్కృతియొక్క వారసత్వమును విలువైనదిగా నెంచి కాపాడుట ప్రతి పౌరుని విధియని చెప్పుచున్నది. ఆ వారసత్వములో మన బడియు, మన కీర్తనయు, మన తెలుగును గలవు.

అభ్యాసమునకు ప్రశ్నలు

1. ఇంగ్లండు, గ్రేట్ బ్రిటను, యునైటెడ్ కింగ్‌డమ్ అను మూటికిని గల భేదమేమి?
2. వికారాబాదు మిషనునకును మెదకు మిషనునకును మూలము ఎక్కడ? అవి ఎట్లు వేరుపడినవి?
3. 2011, 2021 సంవత్సరముల లెక్కలలో "ఇంగ్లీషు" అని మాత్రమే చెప్పినవారి సంఖ్య ఏల తగ్గినది?
4. మీ యింటిలో నిత్యము వాడు పది మాటలు వ్రాసి, అవి ఏ భాషనుండి వచ్చినవో పెద్దల నడిగి తెలిసికొనుడు.
5. మీ అవ్వనో తాతనో అడిగి, మీ ఊరి కథ యొకటి తెలుగున వ్రాసి ఉపాధ్యాయులకు చూపుడు.